లావు పిడి బ్రష్షు

కత్తెరమ్మ గడ్డం బ్రష్షు కొనడానికి బయల్దేరిన రోజున వీధిలో ఆమెకు సలహా ఇవ్వని మనిషి లేడు. ఆమె ఒకరి సలహా వినే మనిషీ కాదు. తండ్రి సెలూన్లో పదిహేనేళ్లుగా జుట్టు కత్తిరిస్తోంది. చేతిలో కత్తెర ఎంత జోరుగా ఆడుతుందో నోరు అంతకన్నా జోరుగా ఆడుతుంది కాబట్టి ఆ పేరు వచ్చింది. అసలు పేరు ఆమె కూడా మరిచిపోయి ఉంటుందని టైలరు పని చేసే ఆమె మొగుడు హాస్యమాడుతుంటాడు.

ఆ షాపులో ఇన్నాళ్లూ జుట్టు ఆమెది, గడ్డం తండ్రిది. కిటికీ పక్క కుర్చీలో ఆయన నలభై ఏళ్లు గడ్డాలు గీశాడు. ఏడాదిగా కుడిచెయ్యి వణుకుతోంది. మొదట కత్తి మానేశాడు. అది సరే, ఎవరి ప్రాణం వాళ్లకు తీపి. తరువాత బ్రష్షు కూడా జారిపడటం మొదలెట్టింది. దాని పిడి వేలంత సన్నం, తడి చేతిలో అసలే నిలవదు. మూడుసార్లు కస్టమరు ఒళ్లో పడింది. మూడోసారి ఆయన దాన్ని కడిగి, తుడిచి, "వచ్చే నెల మొదటి శనివారం నుంచి కుర్చీ నీది. నీ బ్రష్షు నువ్వు ఎంచుకో" అనేశాడు.

ఆ షాపుకో పద్ధతి ఉంది. కుర్చీ చేతులు మారితే కొత్తగా ఎక్కినవాళ్లు తమ బ్రష్షు తామే ఎంచుకోవాలి. దిగిపోయినవాళ్ల బ్రష్షు అద్దం పక్కనున్న మేకుకు ఎక్కాలి. మేకెక్కిన బ్రష్షు మళ్లీ తడవదు. తాతది అలాగే ఎక్కింది. ఆ తరువాత తాత షాపు గుమ్మం తొక్కలేదు. ఇంట్లో గోడకేసి చూస్తూ ఏడాది కూర్చున్నాడు, అంతే. ఆ ఏడాది కత్తెరమ్మకు బాగా గుర్తు. తండ్రిని మాత్రం అలా కూర్చోనివ్వకూడదని ఆమె గట్టిగా అనుకుంది. కాని ఆయనతో వేగడం ఎలా? ఊరికే కూర్చుని చూడమంటే కోపం, జాలిపడితే ఇంకా కోపం. మొండివాడు రాజుకన్నా బలవంతుడంటారు. ఈయనలాంటి మొండివాణ్ని చూశాకే ఎవరో ఆ మాట అని ఉంటారు.

బ్రష్షుల షాపతను అద్దాల బల్ల మీద పన్నెండు బ్రష్షులు పరిచాడు. అన్నీ పందివెంట్రుకలవే. ఎర్రపిడి ఉన్నదాన్ని ముందుకు జరిపి, "ఇది తీసుకోండమ్మా, సన్నటి పిడి, మీ చేతికి అచ్చంగా సరిపోతుంది" అన్నాడు.

"నా చెయ్యి సంగతి నాకు తెలుసు. ఓ గిన్నెలో నీళ్లివ్వండి."

"నీళ్లెందుకమ్మా?"

"పొడిగా ఉన్నప్పుడు ప్రతి వెంట్రుకల కుచ్చూ బాగానే నిలబడుతుంది. తడిశాక కదా దాని బతుకు తెలిసేది."

అతను గొణుక్కుంటూనే తెచ్చాడు. ఆమె ఒక్కొక్కటే నానబెట్టి, పిండి, చూసింది. కొన్ని తడవగానే చతికిలబడ్డాయి. నిలబడ్డవాటిని పక్కకు తీసి, కుడి మణికట్టును కావాలనే వణికిస్తూ, ఎడమ అరచేతిలో గుండ్రంగా తిప్పడం మొదలుపెట్టింది.

షాపతను కంగారుపడ్డాడు. "ఒంట్లో బాగాలేదా అమ్మా? కుర్చీ వెయ్యమంటారా?"

"నిక్షేపంలా ఉన్నాను."

నాలుగు జారిపోయాయి. ఐదోదాని పిడి నిమ్మకాయంత లావు, నడుమ మాత్రం వేళ్లు కూర్చునేలా కాస్త నొక్కు. కుచ్చు పొట్టిది, బిరుసుది. ఎంత వణికించినా అది ఆమె చేతిలోంచి కదల్లేదు.

"ఇదే" అంది.

"అది మీ గుప్పిట్లో పట్టదమ్మా."

"ఇది పట్టాల్సింది నా గుప్పిట్లో కాదులెండి."

అడిగేవాడికి చెప్పేవాడు లోకువ అనుకుని అతను పొట్లం కట్టి ఇచ్చాడు.

దాన్ని చూడగానే తండ్రి భగ్గుమన్నాడు. "ఇది బ్రష్షా, రోకలా? పదిహేనేళ్లు నా పక్కన నిలబడి నేర్చుకున్నది ఇదా?"

నీకోసమే తెచ్చానంటే మరుక్షణం అది వీధిలో ఉంటుంది. కత్తెరమ్మ అందుకే, "నా బ్రష్షు, నా ఇష్టం. పద్ధతి నువ్వు చెప్పిందే" అని ఊరుకుంది. ఆమె ఒక మాటతో ఊరుకోవడం వింతే. ఆయన గమనించలేదు.

కొత్త పందివెంట్రుక ముల్లులా గుచ్చుతుంది. రోజూ నానబెట్టి, నురగ కడుతూ పోతే కొసలు చీలి మెత్తబడతాయి. మూడు వారాలు పొద్దునా సాయంత్రమూ ఆ పని జరిగింది. జరిగింది ఎక్కడంటారా? పాపం, టైలరు మొహం మీద.

"నా మొహాన గడ్డం మొలవడానికే భయపడుతోందే" అన్నాడతను.

"మంచిదేగా, ఇప్పుడు చూడ్డానికి బావున్నారు" అంది. తన ఎత్తు ఏమిటో కూడా అతనికొక్కడికే చెప్పింది. తండ్రి దేన్నైనా ఓర్చుకుంటాడు గాని పలచటి నురగను ఓర్చుకోలేడు. ఒకసారి దారిన పోతూ, ఎవరో కిటికీ దగ్గర నీళ్లోడే నురగతో గీసుకుంటుంటే, ముక్కూమొహం తెలియని ఆ ఇంట్లోకి వెళ్లి బ్రష్షు లాక్కున్న మనిషి. శనివారం తను కావాలనే పనికిమాలిన నురగ కడుతుంది. ఆయన లేచి లాక్కుంటాడు. చేతిలో పడ్డాక మిగతాది ఆ పిడే చూసుకుంటుంది.

"మా నాన్న సంగతి నాకు తెలిసినంత ఎవరికీ తెలీదు. చూస్తూ ఉండండి" అంది.

శనివారం వచ్చింది. కుర్చీలో పోస్టుమాస్టరు కూర్చున్నాడు. రిటైరై చాలాకాలమైంది. ముప్పై ఏళ్లుగా శనివారం ఆయనది. గడ్డం తీగల్లా ఉంటుంది, చర్మం ఉల్లిపొర. నురగ బాగా పడితే కునుకు తీస్తాడు, పడకపోతే కబుర్లు చెబుతాడు. ఆయన నిద్రపోయాడా లేదా అన్నదే ఆ వీధికి పరీక్ష. తండ్రి ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఇక ఇంటికి వెళ్లిపోయేవాడిలా గొడుగుతో బల్ల మీద కూర్చున్నాడు. జేబులో పాత బ్రష్షు ఉంది.

కత్తెరమ్మ సబ్బు సగం తీసుకుంది, నీళ్లు రెట్టింపు పోసింది, ఎడమ చెంప మీద మొదలుపెట్టింది. అయితే మూడు వారాలు తను చేసిన చాకిరీ ఎక్కడికి పోతుంది? కుచ్చు నీళ్లన్నీ తాగేసింది. పది తిప్పులకే నురగ మీగడలా లేచింది. ఆమె మెల్లగా తిప్పింది. ఇంకా లేచింది. అడ్డదిడ్డంగా తిప్పింది. చెంపంతా తెల్లగా, మందంగా పరుచుకుంది. ఆడలేక మద్దెల ఓడు అనడానికి కూడా లేదు, మద్దెల తను ఎంచుకున్నదే.

తండ్రి లేచి వచ్చాడు. వేలితో నురగ కొంచెం తీసి నలిపి చూశాడు.

"బాగుంది" అన్నాడు.

పదిహేనేళ్లలో ఆయన నోట ఆ మాట రావడం అదే మొదటిసారి. ఇంకో రోజైతే ఆమె ఎగిరి గంతేసేది. ఆయన జేబులోంచి పాత బ్రష్షు తీసి మేకు వైపు తిరిగాడు. కత్తెరమ్మ అడ్డం వెళ్లింది.

"నాన్నా, ఆగు. ఈ బ్రష్షు నాది కాదు."

"మరెవరిది?"

"నీది. నీ చేతి కొలతకి తెచ్చాను. నురగ చెడగొట్టి, నీకు కోపం తెప్పించి, నీ చేత పట్టిద్దామనుకున్నాను. ఇది మంచిదైపోయి నా కొంప ముంచింది."

"వణికే చేతికి బ్రష్షెందుకే?"

"వణికే చెయ్యి కత్తి పట్టకూడదు. బ్రష్షు పట్టకూడదని ఏ డాక్టరు చెప్పాడు? తాత గోడకేసి చూస్తూ పోయాడు. నువ్వూ అలా కూర్చుంటే నేను చూడలేను."

"నా మీద జాలా?"

"జాలి కాదు, స్వార్థం. నువ్వు లేకపోతే ఇక్కడ నాకు చేతులాడవు." ఆ చివరి మాట తడబడుతూ వచ్చింది. కత్తెరమ్మకు మాట తడబడటం ఆ షాపులో అంతకుముందు ఎవరూ చూడలేదు.

పోస్టుమాస్టరు కళ్లు తెరవకుండానే అన్నాడు: "మీ తండ్రీకూతుళ్ల తగువు తేలేలోపు నా ఎడమ చెంప ఆరిపోయేట్టుంది. ఇంతకీ కుడి చెంప ఎవరు చూస్తారయ్యా?"

తండ్రి పాత బ్రష్షును అద్దం కింది అరమీద పెట్టాడు. కూతురి చేతిలోంచి కొత్తది తీసుకున్నాడు. లావు పిడి ఆయన అరచేతిని నింపింది. చెయ్యి వణికింది, చేతితో పాటు బ్రష్షూ వణికింది, కాని జారలేదు. ఆ వణుకుకే కుచ్చు చిన్నచిన్న చుట్లు తిరుగుతూ ఒక్కో వెంట్రుక మొదట్లోకి నురగను దింపుతోంది. పోస్టుమాస్టరు ఎప్పుడో దారి తప్పిన పార్సిలు కథ ఎత్తుకున్నాడు. బ్రష్షు దవడ దాకా వచ్చేసరికి కథ మధ్యలో ఆగిపోయింది. సన్నగా గురక వినిపించింది.

తండ్రి పిడి వైపు చూశాడు, కూతురి చిన్న గుప్పిట వైపు చూశాడు.

"అయితే మూడు వారాలు నా చేత ఊరికే తిట్లు తిన్నావన్నమాట."

"నీ తిట్లు నాకు కొత్తా?"

"ఎడమ చెంపకి మేలుకునే ఉన్నాడు, కుడి చెంపకి నిద్రపోయాడు. అది గుర్తుంచుకో."

"గుర్తుంచుకుంటాను నాన్నా."

"లేపకు. కత్తి తీసుకో" అన్నాడాయన. అని, బ్రష్షు చేతిలోనే ఉంచుకుని, పక్కన ఇంకొకరు నిలబడటానికి ఎంత చోటు కావాలో అంత మాత్రమే జరిగాడు.