వేలెడు వెలితి

పప్పు ఇంకా పొగలు కక్కుతూనే ఉంది. సూదమ్మ దాన్ని వెడల్పాటి పళ్లెంలో పోసి, గరిటె వెనకవైపుతో అంచులదాకా జరిపి, ఫ్యాన్ కింద పెట్టింది. వేడిమీదే డబ్బాలకెత్తి ఫ్రీజర్‌లో పెడితే పక్కన గడ్డకట్టినవి కూడా కరిగిపోతాయి. ఈ ఆదివారం వండింది మళ్లీ ఆదివారం దాకా రావాలి. పేరుకే సెలవు గానీ, ఆమెకు నడుం వాల్చే తీరిక ఉండదు.

ఆసుపత్రి లాండ్రీలో చిరిగిన దుప్పట్లకు అతుకులు వేసే పని ఆమెది. ఎప్పుడూ మెడపట్టీకి రెండు సూదులు గుచ్చుకుని తిరుగుతుంది కాబట్టి అక్కడ అందరికీ సూదమ్మే. యాభై దాటింది. పొట్టి మనిషి. మిషను మీద వంగి వంగి కుడిభుజం కాస్త కిందికి జారింది. చూపుడువేలి కొన కాయ కాసి గట్టిపడిపోయింది.

వంటింటి గుమ్మం పక్క కుర్చీలో వదిన బఠానీలు ఒలుస్తోంది. అన్న పోయాక ఇంట్లో వీళ్లిద్దరే మిగిలారు. కిందటేడు వదిన స్టవ్ దగ్గర కళ్లు తిరిగి పడినప్పుడు, గుండె బలహీనంగా ఉంది, వేళకు తినాలి, ఎక్కువసేపు నిలబడకూడదు అన్నాడు డాక్టరు. అప్పటినుంచి వదిన వంట జోలికి పోకూడదని సూదమ్మ ఆజ్ఞ. తను పనిలో ఉన్నప్పుడు వదిన ఒక డబ్బా వేడిచేసుకు తిని, కడిగి, సింకు పక్కన బోర్లించాలి. సాయంత్రం ఇంట్లో అడుగుపెట్టగానే సూదమ్మ కళ్లు ముందు అటే పోతాయి. బోర్లించిన డబ్బా కనిపిస్తే ప్రాణం కుదుటపడుతుంది.

చల్లారిన పప్పును డబ్బాలోకి ఎత్తి, చూపుడువేలు అడ్డంగా ఆనించి చూసుకుని, అక్కడితో ఆపింది.

"మళ్లీ వేలెడు వెలితి," అంది వదిన. "ఎంగిలిచేత్తో కాకిని తోలవే నువ్వు."

"గడ్డకడితే ఉబ్బుతుంది వదినా. నిండా పోస్తే మూత పగులుతుంది."

"నీ మూత సంగతి సరే, నా కడుపు సంగతి చూడు. నేనెప్పుడైనా నీకు వెలితిగా కట్టానా?"

కట్టలేదు. అమ్మా నాన్నా లేక అన్న చెయ్యి పట్టుకుని తిరిగే చిన్నపిల్లగా ఉన్నప్పుడు ఈ వదిన ఇంటికొచ్చింది. బడికి కట్టిన మొదటి డబ్బాలోనే బంగాళాదుంప కూర ఎంతగా కూరిందంటే మూత పట్టలేదు. గుడ్డపీలికతో బిగించి ముడేసింది. బడిలో పిల్లలంతా నవ్వారు. సూదమ్మ మాత్రం ఆ ముడి విప్పుకుంటూ, తన ఆకలి గురించి ఆలోచించే మనిషి ఒకరు ఇంటికొచ్చారని తెలుసుకుంది. తర్వాత కుట్టుపని నేర్పించిందీ, తను పెళ్లి వద్దన్నప్పుడు చుట్టాల నోళ్లు మూయించిందీ వదినే. కన్నతల్లి ఉంటే మాత్రం ఇంతకన్నా ఏం చేసేదని ఆమె ఎన్నోసార్లు అనుకుంది.

"బంగాళాదుంప ఒక్కనాడూ వండవేం? అదంటే ప్రాణం పెడతావుగా."

"ఫ్రీజర్‌లో పెడితే ఇసకలా అవుతుంది."

"అన్నీ వంకలే. ఓ రోజు మూత పగులుతుందంటావు, ఓ రోజు దుంప చెడుతుందంటావు. నాకోసం నువ్వు నోరు కట్టుకోవడం నాకు బాగాలేదు పిల్లా."

సూదమ్మ జవాబిచ్చేలోపే ఫోన్ మోగింది. లాండ్రీ సూపర్‌వైజరు. ఆపరేషన్ గదుల దుప్పట్లు ఒక బండెడు వచ్చాయట, ఒక్కపూట వచ్చి వెళ్లమన్నాడు.

"వేళకు తిను. స్టవ్ జోలికి పోకు," అంది చెప్పులేసుకుంటూ.

"పోవే, పెద్ద పోలీసువి," అంది వదిన నవ్వుతూ.

ఆవిరితో ఉక్కపోసే ఆ గదిలో చీకటి పడేదాకా అతుకులు వేసింది. ఇంటికి రాగానే సింకు వైపు చూసింది. డబ్బా బోర్లించి ఉంది. పక్కన మూకుడు కూడా ఉంది గానీ, పొద్దున తనే కడిగి పెట్టాననుకుంది. వదిన కుర్చీలోనే తల వాల్చి ఉంది.

"లైటయినా వేసుకోలేదేం వదినా," అంటూ చెయ్యి పట్టుకుంది. చల్లగా తగిలింది.

నిద్రలోనే గుండె ఆగిందనీ, బాధపడి ఉండదనీ డాక్టరు చెప్పాడు. పలకరించడానికి వచ్చినవాళ్లందరికీ సూదమ్మ ఒకటే మాట చెప్పింది. "ఆకలితో పోలేదు. తినే పోయింది."

ఆ తర్వాత ఆమె కొత్తగా ఏమీ వండలేదు. పనినుంచి వచ్చి వదిన కోసం దాచినవే ఒక్కొక్కటీ కరిగించుకుని తింది. చివరికి ఫ్రీజర్‌లో అడుగు అర ఖాళీ అవుతుండగా, వెనకమూల ఒక డబ్బా కనిపించింది. మూత ఉబ్బి పైకి లేచి ఉంది. అది ఊడిపోకుండా దుప్పటి అంచు పీలిక చుట్టి, బిగించి ముడేసి ఉంది. ఆ పీలిక తన కుట్టు బుట్టలోదే.

నిలబడొద్దని చెప్పానా లేదా, అని ముందు కోపం వచ్చింది. ముడి విప్పుతుంటే ఆ కోపం నిలవలేదు. లోపల బంగాళాదుంప కూర అంచుదాకా కూరి ఉంది.

వేడిచేసుకుని కూర్చుంది. అనుకున్నట్టే ముక్క నోట్లో ఇసకలా రాలింది. ఉప్పు కూడా ఎక్కువే. కళ్లనీళ్లు కారుతుంటే తుడుచుకోకుండా ముక్క మిగల్చకుండా తింది. ఇంత పెట్టిన చేతికి బదులుగా తనెంత పెట్టినా తక్కువే అనిపించింది.

తర్వాత డబ్బా కడిగి సింకు పక్కన బోర్లించింది. పక్కనే పీలికను ఆరేసి, ఈ మూల నుంచి ఆ మూల దాకా పగిలిన మూతను డబ్బాకు ఆనించి నిలబెట్టింది.