రాలని ప్రశ్న

కుళాయిల ఆఫీసులో పొద్దున పదింటికి రెండు కిటికీలు తెరుచుకునేవి. ఒకదాని వెనక పెద్ద గుమాస్తా, రెండోదాని వెనక కొత్తగా చేరిన అమ్మాయి. కొత్త కుళాయి కావాలన్నా, ఉన్న కుళాయి మొరాయించినా దరఖాస్తు ఒకటే, ముప్పై ప్రశ్నలు. వాటిలో పందొమ్మిది పెద్ద గుమాస్తా సొంతంగా చేర్చినవి. తాతగారి వృత్తి, ఇంటికి ఎన్ని తలుపులు, వాటిలో లోపలికి తెరుచుకునేవి ఎన్ని, ఇలాంటివి. కన్నబిడ్డల్లా చూసుకునేవాడు వాటిని.

అమ్మాయి చెయ్యి తగిలితే చాలు, ఎవరికీ అక్కర్లేని ప్రశ్నలు కాగితం మీంచి జలజలా రాలిపోయేవి. సాయంత్రం ఊడ్చే ఆవిడ మాత్రం, "ఇవాళ మరీ ఎక్కువ పడ్డాయమ్మా" అని సణుక్కుంటూ ఆ అక్షరాల్ని చేటలోకి ఎత్తుకుపోయేది. మిగిలిన మూడు నాలుగింటికి జవాబు రాసుకుని అమ్మాయి పది నిమిషాల్లో మనిషిని పంపేసేది. ఇంకేం, జనమంతా ఆ కిటికీకే. పెద్ద గుమాస్తా ఈగలు తోలుకుంటూ కూర్చునేవాడు.

ఆయనకి కడుపు మండిపోయింది. పైగా ఆ నెలాఖరుకి సూపరింటెండెంటు కుర్చీ ఖాళీ అవుతోంది. పాతికేళ్ళుగా దానికోసమే కాచుకుని ఉన్నాడు. అగ్నికి ఆజ్యం పోసినట్టు ఇంట్లో భార్య.

"పక్కింటి వదినకి ఆ పిల్ల ఇట్టే పని చేసిపెట్టిందటండీ."

"నా దగ్గరికొస్తే నేను చెయ్యనన్నానా?"

"ముందు మీ దగ్గరికే వచ్చిందట. వాళ్ళ తాతగారేం చేసేవారని అడిగారటగా. ఏడుపొచ్చిందట పాపం."

కంచం ముందునుంచి లేచిపోయాడు. కుళ్ళుకుంటున్నానని తనకీ తెలుసు. అయినా కూర్చుని నలభై ప్రశ్నల దరఖాస్తు తయారుచేశాడు. పై అధికారి తనిఖీకి వచ్చినప్పుడు అది ఆ పిల్ల చేతిలో పెడితే అన్నీ రాలిపోయి తెల్లకాగితం మిగులుతుంది. ప్రభుత్వ కాగితం పాడుచేసినందుకు ఉద్యోగం ఊడుతుంది. ముప్పై తొమ్మిదయ్యేసరికి బుర్ర ఖాళీ అయింది. నలభయ్యోది ఏదో తోచింది రాసి పడేశాడు.

తనిఖీ రోజున అధికారి ఎదుటే, "అమ్మా, ఇది కాస్త చూడు" అని తియ్యగా అందించాడు. అక్షరాలు రాలాయి, రాలాయి, బల్ల నిండి నేలకి జారాయి. అమ్మాయి మొహం పాలిపోయింది.

అడుగున ఒకటి ఉండిపోయింది. అమ్మాయి దులిపింది. అధికారి గోటితో గీకి చూశాడు. ఊహూఁ.

"మీ కుళాయికి నీళ్ళు వచ్చి ఎన్ని రోజులైంది?" అని పైకి చదివాడు అధికారి. "ఈ ఆఫీసులో ఇది ఇన్నాళ్ళూ ఎవరూ అడగలేదా? ఎవరు రాశారు?"

పెద్ద గుమాస్తా కిందపడ్డ అక్షరాలు ఏరడానికి వంగాడు.

"ఆయనేనండీ" అంది అమ్మాయి. "నాకు తట్టనే లేదు."

ఆ మాటలో ఎత్తిపొడుపు కోసం వెతికాడాయన. దొరక్కపోయేసరికి ఇంకా మండింది.

కుర్చీ ఆయనకే ఇచ్చారు. అయితే ఇకనుంచి ఆ కుర్చీలో కూర్చునేవాడు రోజూ పొద్దున ఆ ఒక్క ప్రశ్న పట్టుకుని ఇల్లిల్లూ తిరగాలి. జవాబుల్ని బట్టి ఏ గొట్టం ముందు బాగుచేయించాలో తేల్చాలి.

మొదటి ఇంట్లో ఓ ముసలాయన తలుపు తీశాడు. "పదహారు రోజులైంది నాయనా. ఎండనపడి వచ్చావు, కూర్చో" అని లోపలికెళ్ళి, బిందె వంచి, అడుగున ఉన్న అరగ్లాసు నీళ్ళు తెచ్చి ఇచ్చాడు.

అందుకున్న గ్లాసు తాగకుండానే తిరిగి ఆయన చేతిలో పెట్టాడు. "ఇవాళే తవ్విస్తాను బాబాయ్" అని బయటపడ్డాడు. సాయంత్రం దాకా ఆ అమ్మాయి సంగతే ఆయనకి గుర్తు రాలేదు.