ముప్ఫై సెకన్ల బెల్లు

బయటి రంగులు చూసి ఆ వృద్ధాశ్రమంలో చేరినవాళ్ళకు, పైన పటారం లోన లొటారం అని తెలియడానికి వారం పట్టేది. ముప్ఫై ఏళ్ళు ఆసుపత్రి వార్డుల్లో పనిచేసి వచ్చిన నర్సమ్మకు ఒక్క పూట చాలింది.

ప్రతి మంచం పక్కనా గోడకు బెల్లు ఉంది. నొక్కిన ముప్ఫై సెకన్లలో మనిషి వస్తుందని కరపత్రంలో అచ్చువేశారు. ఒకరోజు ఉదయం పక్క మంచం పాటల టీచరు బాత్‌రూముకు వెళ్ళాలని బెల్లు నొక్కి నొక్కి, చివరికి పక్క తడిపేసుకుంది. నర్సమ్మ తానే లేపుదామంటే వాకరు లేనిదే అడుగు పడని మోకాళ్ళాయె. ఎప్పటికో వచ్చిన ఆయా, "ఆమాత్రం ఆపుకోలేరా? ఈ వయసులో ఇదేం పని?" అని నలుగురిలో కడిగేసింది. పాటల టీచరు ఆ రోజంతా మెతుకు ముట్టలేదు.

వారం తిరక్కుండానే తనిఖీ అధికారి వచ్చాడు. మంచాలకు కొత్త దుప్పట్లు, కిటికీలకు కొత్త తెరలు, మేనేజరు మొహానికి కొత్త నవ్వు వచ్చాయి. అధికారికి జ్యూసు, కాఫీ, మళ్ళీ జ్యూసు పట్టించి, "బెల్లు కొడితే చాలండీ, మావాళ్ళు రెక్కలు కట్టుకుని వాలిపోతారు" అంటుండగా ఫోనొచ్చి మేనేజరు బయటికి వెళ్ళాడు.

"పరుపు మెత్తగానే ఉందా అమ్మా?" అడిగాడు అధికారి.

"నేను చెప్పడమెందుకు బాబూ? ఒక్క నిమిషం నడుం వాల్చి నువ్వే చూసి రాసుకో."

పొద్దుటినుంచీ తిరిగి అలసిన ఆ భారీకాయుడు మొహమాటపడుతూనే పడుకున్నాడు. నర్సమ్మ మంచం పక్క కమ్మీని పైకి లాగింది. గడియ టక్కున పడింది. రెండోవైపు గోడ. ఆ గడియేమో బయట, కిందివైపు.

"చాలమ్మా, లేస్తాను. బాత్‌రూముకు వెళ్ళాలి."

"దానికేం భాగ్యం! బెల్లు నొక్కు."

నొక్కాడు. ఐదు నిమిషాలైంది. మళ్ళీ నొక్కాడు. కమ్మీ ఎక్కి దాటబోతే మంచం కిర్రుమంది. పది నిమిషాలకు మొహాన చెమటలు పట్టాయి.

"మీరే దించండమ్మా, పుణ్యముంటుంది!"

"వంగితే లేవలేను నాయనా. వచ్చేస్తారులే, రెక్కలున్నాయిగా."

పాటల టీచరు ఇటు తిరిగి, ఎంతో ఆప్యాయంగా అడిగింది: "ఆమాత్రం ఆపుకోలేవా బాబూ? ఈ వయసులో ఇదేం పని?"

అధికారి గావుకేక పెట్టాడు.

"ఏంటా గోల? మీ ఒక్కరికే చాకిరీ చెయ్యడానికున్నామా ఇక్కడ?" అని వరండాలోంచే అరుస్తూ వచ్చిన ఆయా, మంచం మీది మనిషిని చూడగానే గబగబా వంగి గడియ తీసింది.

కమ్మీ దిగిందే తడవు అధికారి పరుగందుకున్నాడు. సమయానికి చేరాడో లేదో ఎవరికీ తెలియదు. మిగతా గదులన్నీ మాత్రం ఫైలును పొట్టకింద అడ్డం పెట్టుకునే తిరిగాడు. ప్రతి బెల్లూ తానే నొక్కాడు. ఒక్కటీ మోగలేదు. ఆయాల గదిలోని బెల్లుల పెట్టె తెరిపిస్తే లోపల వైర్లు తెగి ఉన్నాయి.

"ఎలుకలండీ," అన్నాడు మేనేజరు.

"కత్తెర పట్టడం నేర్చిన ఎలుకలు కాబోలు," అంది నర్సమ్మ.

మూడోనాటికి బెల్లులు మోగాయి. తనిఖీకి వచ్చినవారు మంచాలపై పడుకోరాదని గుమ్మం దగ్గర కొత్త బోర్డు కూడా వెలిసింది. ఆ రోజు పాటల టీచరు పనేమీ లేకపోయినా మూడుసార్లు బెల్లు నొక్కింది. మూడుసార్లూ మనిషి వచ్చింది, మొహం మాడ్చుకునే అనుకోండి. నర్సమ్మ వద్దనలేదు.