అరచేతి తూకం

తూనికలు, కొలతల శాఖలో ఇన్‌స్పెక్టరుగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న ఆ పెద్దమనిషిని వీధిలో అందరూ త్రాసుగారనే పిలిచేవారు. ఆ పేరు ఊరికే రాలేదు. కొట్టువాడి తూకపు గుండును అరచేతిలో ఒక్కసారి ఆడించి, త్రాసు తెప్పించకముందే "ఇది తరుగు" అని చెప్పగలిగేవారు. తట్ట అడుగున అంటించిన సీసపు ముక్కలు, గుండు కడుపులో తొలిచిన రంధ్రాలు ఆ చేతిని దాటిపోయేవి కావు. ఉద్యోగం విడిచినా ఆ విద్య విడిచిపోలేదు. ఇంట్లోకి కూరలు రానీ, కుర్చీ రానీ, తాళంకప్ప రానీ, ఆయన చేతిలో ఆడి రావలసిందే. "బరువున్నదే సరుకు" అన్నది ఆయన సిద్ధాంతం. ఆయన తూచినదాన్ని మళ్ళీ ఇంకొకరు తూచరాదన్నది, ఎవరూ పలకకపోయినా, ఆ ఇంటి శాసనం.

అలాంటి చేతికి ఒకనాడు రెండు వైఫై రౌటర్లు వచ్చాయి.

అవసరం ఆయనది కాదు, మరదలిది. తమ్ముడు అంబులెన్సు నడుపుతాడు; ఏ వేళకు పోతాడో, ఏ వేళకు వస్తాడో అతనికే తెలియదు. తమ్ముడి భార్య సైగల భాషలో దుబాసీ. పుట్టుచెవుడున్న తల్లి ఒడిలో పెరిగి, అమ్మ మాటను చెవులతో కాక కళ్ళతో విన్న పిల్ల. ఆ తల్లి ఆస్పత్రి మంచంమీద తనకు ఎక్కడ నొప్పో వైద్యుడికి చెప్పుకోలేక అవస్థపడినప్పుడు ఈమె పక్కన లేదు. ఆ లోటు ఆమెను ఆ వృత్తిలోకి నడిపించింది. వినికిడి లేని రోగికీ వైద్యుడికీ నడుమ నిలబడి చేతులతో మాట కలపడం ఇన్నాళ్ళూ ఆమె పని. ఇప్పుడు ఆస్పత్రివారు ఆ కొలువును వీడియో తెరమీదికి మార్చారు. దుబాసీలు ఇంట్లోనే కూర్చుని చేయాలి; ముందు ఒక పరీక్షలో నెగ్గాలి. ఉన్న పాత రౌటరేమో గాలివాన చూసిన గొడుగులా తయారైంది.

అందుకే త్రాసుగారు, ఆయన భార్య, మరదలు ముగ్గురూ కలిసి వీధి చివరి కొట్టుకు వెళ్ళారు. కొట్టు అమ్మాయి రెండు నల్లటి పెట్టెలు తెచ్చి బల్లమీద పెట్టింది.

"రెండిటిదీ ఒకటే వేగం సార్. హామీ కూడా ఒకటే. కవల పిల్లలనుకోండి."

"కవలల్లో కూడా ఒకడు ముందు పుడతాడమ్మా," అన్నారు త్రాసుగారు.

"ఆ ముందు పుట్టినవాడికే పెత్తనం. మా ఇంట్లో చూస్తూనే ఉన్నాంగా," అంది ఆయన భార్య. మరదలు పెదవి బిగబట్టి నవ్వు ఆపుకుంది.

త్రాసుగారు భార్య మాటను మన్నించి, చెరో చేతిలో చెరో రౌటరు పెట్టుకుని కళ్ళు మూసుకున్నారు. కొట్టు అమ్మాయి ముక్కుమీద వేలు వేసుకుంది. ఆయన అరచేతులు నెమ్మదిగా లేచాయి, దిగాయి. కుడిచేయి ఒక్క పిసరు ఎక్కువ దిగింది.

"బావగారూ," అంది మరదలు మెల్లగా. "ఆ తేలికదానికైతే మేడమీదికి..."

ఆ మాట ఆయన చెవిన పడింది. ఇక్కడ ఆయన పక్షాన వాదించడానికి ఏమీ లేదు. గుండులో గుల్లను వేలిగోటి చప్పుడుతో కనిపెట్టిన మనిషికి, పక్కనే నిలబడ్డ ఆడపిల్ల గొంతు వినిపించకపోవడం అబద్ధం. వినిపించింది. కానీ అప్పటికే చేయి తీర్పు చెప్పేసింది. చేయి చెప్పాక చెవికి పనేముంది? ఆయన కుడిచేతిలోని పెట్టెను బల్లమీద ఠక్కున పెట్టారు.

"ఇది. రెండూ ఒకటే అయినప్పుడు బరువున్నదే సరుకు. ఏమంటావు అమ్మాయీ?" అన్నారు మరదలితో.

అది ప్రశ్న కాదని ముగ్గురికీ తెలుసు.

"మీరు చూశారుగా బావగారూ," అంది మరదలు.

ఇంటికి వచ్చి బిగించారు. తీగ హాలు గోడలోంచి వస్తుంది కనుక రౌటరూ హాల్లోనే కొలువు తీరింది. హాల్లో సిగ్నలు గోదారి వరదే. వంటింట్లో బాగానే ఉంది. మెట్లెక్కితే మాత్రం పలచబడుతూ పోయి, మరదలి గదిలోకి చేరేసరికి ఒక్క గీతై, అదీ ఉండి ఉండి కొడిగట్టేది. పాతకాలపు కట్టడం, శ్లాబు మందం.

"దీపం కింద చీకటంటారు. మనకు దీపం పైన చీకటి దాపురించింది," అంది త్రాసుగారి భార్య.

"కొత్తది కదా, కుదురుకుంటుంది," అన్నారు ఆయన.

"కోడెదూడా ఏమిటండీ కుదురుకోవడానికి?"

"హాల్లో కూర్చుని పరీక్ష ఇవ్వమను."

హాలు కుదరదు. వీధి తలుపు, వంటింటి గుమ్మం, వచ్చేపోయే మనుషులు. రోగి గుట్టు నలుగురు వినే చోట ఆ పని చేయకూడదు. మరదలు సణగలేదు. లాప్‌టాప్ పట్టుకుని మెట్టు మెట్టుకూ ఆగి చూసుకుంటూ, మెట్లు మలుపు తిరిగే చోట ఒక చిన్న జాగా కనిపెట్టింది. అక్కడ సిగ్నలు ఫరవాలేదు. గోడకు మడతలు లేని నీలిగుడ్డ కట్టింది, చేతులు స్పష్టంగా కనబడాలని. చెక్కపీట వేసుకుంది. వెలుగు ముఖంమీదా వేళ్ళమీదా సమంగా పడేలా దీపం అమర్చుకుంది.

"ఒసే చెల్లీ, మెట్లమీద కాపురం పెట్టావేమే?" అంది తోడికోడలు.

"మీ మరిదిగారు ఎప్పుడొస్తారో తెలీదుగా అక్కయ్యా. దారిలో కూర్చుంటేనే కనపడతారు."

పరీక్ష రోజున ఇల్లంతా శ్వాస బిగబట్టింది. కుక్కరు పొయ్యి ఎక్కలేదు. గుమ్మం గంట తీగ పీకేశారు. మరదలు ముదురురంగు చీర కట్టుకుని, వేలి ఉంగరం తీసి తోడికోడలి చేతిలో పెట్టి, మెట్ల మలుపులో పీటమీద కూర్చుంది. త్రాసుగారు కుర్చీ వేసుకుని రౌటరు పక్కన కాపలా కూర్చున్నారు. మనసులో దైవాన్ని తలచుకున్నారు కూడా. తన చేయి ఎంచినది తప్పకూడదన్నది ఆ ప్రార్థనలో ఎంత పాలో, ఆ పిల్ల నెగ్గాలన్నది ఎంత పాలో, ఆయన ఆ వేళ తూచుకోలేదు.

పైనుంచి లాప్‌టాప్‌లో వైద్యుడి గొంతు, దాని వెంట నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దమే ఆమె మాట్లాడటమని ఆయనకు తెలుసు. ఆ తర్వాత రోగి సైగలను ఆమె తన గొంతుతో వైద్యుడికి వినిపించడం. మళ్ళీ నిశ్శబ్దం. సాఫీగానే సాగుతోంది. ఇంతలో:

"కనిపిస్తున్నానా అండీ?"

కాసేపటికి మళ్ళీ: "ఇప్పుడు కనిపిస్తున్నానా?"

త్రాసుగారు చప్పున పక్కకు చూశారు. రౌటరు మీద పచ్చదీపాలు వెలుగుతూనే ఉన్నాయి. లేచారు. ఏం చేయాలో తెలియక, చూసైనా వద్దామని చెప్పులు విడిచి, పిల్లిలా నడిచి మెట్ల అడుక్కి వెళ్ళి తల పైకెత్తారు.

మరదలు వైద్యుడి ప్రశ్నను సైగల్లోకి మారుస్తోంది. రెండు చేతులూ గుండె ఎదుట గాలిలో ఉన్నాయి. కనుకొసలో బావగారు కనబడ్డారు.

ఆమె లేచి నిలబడింది.

నిలబడాలని అనుకుని నిలబడలేదు. ఆ ఇంట్లో కాలు పెట్టిన నాటినుంచి ఆయన ఎదురుపడితే లేవడమే ఆమె ఎరుగును. ఒళ్ళు ఎరిగినదాన్ని బుద్ధి అడ్డుకునేలోపే మోకాళ్ళు లేచాయి. అవతల తెరమీద ముఖం పోయింది, చేతులు పోయాయి. చీర కుచ్చిళ్ళు, నీలిగుడ్డ మిగిలాయి.

"అమ్మా, కూర్చోండి. మీ చేతులు కనిపించడం లేదు," అంది పరీక్షకురాలి గొంతు. ఆ గొంతు మెట్ల అడుగువరకూ స్పష్టంగా వినిపించింది.

ఆమె చప్పున కూర్చుంది. కానీ తెరలోని రోగి, ఒక ముసలమ్మ, సగంలో తెగిన ప్రశ్నను పట్టుకుని బెంబేలెత్తి, తన ఎదుటి తెరనుంచి ముఖం తిప్పేసుకుని పక్కనున్న వైద్యుడి పెదవులకేసి చూస్తోంది. ఏమీ వినపడని మనిషి, ఎవరి పెదవులైనా ఆసరా అవుతాయేమోనని వెతుక్కునే చూపు అది. మరదలు ఎంత చేయి ఊపినా ఆ ముఖం మళ్ళీ తెరవైపు తిరగడానికి చాలాసేపు పట్టింది. ఆ చూపును తన తల్లి ముఖంలో ఎన్నిమార్లు చూసిందో ఆమెకే ఎరుక.

త్రాసుగారు వచ్చిన అడుగులమీదే వెనక్కి వెళ్ళారు.

ఫలితం ఫోనులో వచ్చింది. బొమ్మ నిలిచిపోతే సర్దుకోవచ్చునట గాని, మాట మధ్యలో లేచిన దుబాసీని తీసుకోలేరట. కొలువు వేరొకరికి వెళ్ళింది.

"ఏమైందే?" అంది తోడికోడలు.

"నాకే తడబడింది అక్కయ్యా," అంది మరదలు.

హాల్లో పేపరు పట్టుకుని కూర్చున్న త్రాసుగారు అది విన్నారు. నింద రౌటరుమీద వేసినా అది ఎంచిన చేతిమీద పడుతుందని, లేచానని చెప్పినా ఎవరిని చూసి లేచావని అడుగుతారని, రెండువైపులా దారులు మూసి ఆ పిల్ల తప్పు తన నెత్తిన వేసుకుంది. ఆయన పేపరు తిప్పలేదు.

మర్నాడు ఒంటరిగా కొట్టుకు వెళ్ళారు.

"ఆ రెండోది ఇవ్వమ్మా. తేలికది."

కొట్టు అమ్మాయి తెచ్చింది. "దీనికి తోడుపెట్టె ఒకటి కలుస్తుంది సార్. పై అంతస్తులో పెట్టుకుంటే అక్కడా నిండుగా వస్తుంది. దానికి కలవదు. అదొక్కటే తేడా. ఆ రోజు మీతో వచ్చిన ఆ చిన్నావిడ నన్నడిగి తెలుసుకున్నారే. మీకు చెప్పలేదా?"

"చెప్పబోయింది," అన్నారు త్రాసుగారు. "మరి అది బరువెందుకమ్మా?"

"అదా? బల్లమీంచి జారకుండా అడుగున ఇనుపబిళ్ళ వేస్తారు సార్. అంతే."

ఆయన తన కుడి అరచేతిని చూసుకున్నారు. తట్టల అడుగున దాచిన బరువులను పట్టుకుని ఎందరి నోళ్ళో మూయించిన చేయి అది. దాని తీర్పుకు అడ్డొస్తుందని ఆ రోజు ఒక మంచి మాటను కూడా మూయించింది.

కొత్త రౌటరు హాల్లోకి, తోడుపెట్టె మేడమీదికి చేరాయి. మరదలి గదిలో ఇప్పుడు సిగ్నలు పొంగిపొర్లుతోంది. ఆ గదిలో పగలు ఎవరూ ఉండరు. ఆమె పొద్దున్నే బస్సెక్కి, దూరాన వినికిడి లేని పసిపిల్లల బడికి పాఠాలు చెప్పడానికి వెళుతుంది. ఆ పని ఆమెకు ఇష్టమే. అయినా ఏ ఆస్పత్రి ముందునుంచి బస్సు వెళ్ళినా తల కిటికీవైపు తిప్పుకుంటుందని తమ్ముడు ఒకసారి అన్నతో అన్నాడు.

ఒక సెలవునాడు త్రాసుగారు మేడ మెట్లెక్కారు. మలుపులో నీలిగుడ్డ తీసేశారు గాని మేకులు అలాగే ఉన్నాయి. పైన మరదలు తన గదిలో పీటమీద కూర్చుని పిల్లల కోసం అట్టబొమ్మలు కత్తిరిస్తోంది. ఆయన్ను చూసి, కత్తెర పక్కన పెట్టి లేచి నిలబడింది.

"కూర్చోమ్మా. ఆ రోజు కొట్లో ఏదో అనబోయావు. ఇప్పుడు చెప్పు."

"ఇప్పుడేముంది బావగారూ, అన్నీ బాగానే పనిచేస్తున్నాయిగా."

వినవలసిన వేళ వినని మాట మళ్ళీ అడిగితే రాదు. అది పుస్తకాల్లో ఎన్నో విధాల చదివిన మనిషే ఆయన.

"పోనీ, నాదొక మాట విను. ఇకమీదట నన్ను చూసి లేవకమ్మా."

"అలాగే బావగారూ."

అంది గాని, నిలబడే ఉంది. ఒళ్ళో ఉండిన అట్టముక్కలు కాళ్ళ దగ్గర చెల్లాచెదురుగా పడి ఉన్నాయి. తాను అక్కడ ఉన్నంతసేపూ ఆమె వాటిని ఏరుకోదని ఆయనకు అర్థమైంది. వెనుదిరిగి, గోడ పట్టుకుని, నెమ్మదిగా మెట్లు దిగారు. ఆయన చివరి మెట్టు దిగాకగాని పైన పీట కిర్రుమనలేదు.