షట్టరు ఏ వైపు నుంచి

నేను ఒక పాత టీవీని. ఏ ఫ్యాక్టరీలో పుట్టానో, నన్ను బిగించిన చేతులెవరివో గుర్తులేదు. మొదట ఒక పళ్ల డాక్టరు గారి గోడకెక్కి, బుగ్గలు వాచి కూర్చున్నవాళ్లకు వంటల కార్యక్రమాలు చూపించాను. ఆ పాపం మూటగట్టుకుంటూ ఉండగానే ఆయన కొత్తది కొనుక్కుని, నన్ను తణుకులో విశాలాక్షి టైలరింగ్ షాపుకు అమ్మేశారు.

విశాలాక్షి ఒకరోజు ఏదో నొక్కబోయి ఏదో నొక్కితే నాలో తైవాన్ సీరియల్ మొదలైంది. వాన, స్కూటర్లు, మనవడి పెళ్లాన్ని రాచి రంపాన పెట్టే ముసలమ్మ. "మనూరేనే ఇది!" అంది విశాలాక్షి. మాటలు చైనా భాషలో, కింద ఇంగ్లీషు అక్షరాలు. అవి చదవగలిగింది విశాలాక్షి ఒక్కతే. చదివి, ఉప్పూ కారం కలిపి తెలుగులో చెప్పేది. హీరో పెళ్లాం మీద కసురుకుంటే "పాపం, ఆఫీసులో ఏమైందో" అనేది. జాకెట్లకు హుక్కులు కుట్టేవాళ్లంతా కళ్లొత్తుకునేవారు. నేను మురిసిపోయేదాన్ని.

ఆ కుట్టేవాళ్లలో కాంతామణి ఒకతి. మొగుడు చిట్టిబాబు కొడుతుంటే పడలేక ఊళ్లోనే ఉన్న సొంతక్క ఇంటికి వచ్చేసింది. తిరిగి రమ్మని అతను కబురు మీద కబురు పెడుతున్నాడు. "ఈ సీరియల్లో పిల్లా పుట్టింటికొచ్చేసింది కదా, అదేం చేత్తదో చూసి చెప్తానక్కా" అని విశాలాక్షితో అంటూ నవ్వేది. నవ్వులాటే అనుకున్నాం.

చివరి భాగం రానే వచ్చింది. ఆ పిల్ల పుట్టింటివాళ్ల నూడిల్స్ కొట్టు ముందు మొగుడు వానలో నిలబడ్డాడు. నా తెర కింద అక్షరాలు తెల్లగా వెలిగాయి: నేను మారను, నువ్వే సర్దుకోవాలి. పిల్ల షట్టరు దించేసింది. కథ అయిపోయింది.

కాంతామణి సూది ఆపింది. "ఏమన్నాడక్కా?"

విశాలాక్షి గొంతు సవరించుకుంది. "తప్పైపోయింది, రా అన్నాడే. కొట్టు కట్టేసి ఆయనతో ఎళ్లిపోయింది."

కథ మంచి పట్టులో ఉండగా ఎన్నిసార్లో పోయిన కరెంటు ఆ రోజు పోలేదు. నిజం నా ఒంటి మీదే రాసి ఉంది, చెప్పడానికి నాకు నోరు లేదు. కాంతామణి మర్నాడే కాపురానికి వెళ్లిపోయింది.

మళ్లీ వచ్చినప్పుడు ఎడమచేతికి కట్టు ఉంది. విశాలాక్షి ఆ చెయ్యి పట్టుకుని ఏడ్చేసింది. "నా వల్లేనే. సీరియల్లో వాడలా అన్లేదు. నేనే కల్పించాను."

"తెలుసక్కా. షట్టరు ఆ పిల్ల లోపల్నించి దించుకుంది. ఆయనతో ఎళ్లేదైతే బయట్నించి కదా ఏత్తది? అప్పుడే చూశాను. నువ్వు చెప్తంటే, అదే నిజమైతే బాగుణ్ణనిపించింది."

విశాలాక్షి తలెత్తలేకపోయింది. నాకూ సిగ్గేసింది. అందులో నా వాటా తక్కువేం కాదు. ఏ మొగుడికైనా చివరి భాగంలో బుద్ధొస్తుందని అన్నాళ్లూ కాంతామణికి చూపించింది నేనే.

కట్టు విప్పిన వారానికి, మిట్టమధ్యాహ్నం, పూతరేకుల పొట్లంతో చిట్టిబాబు గుమ్మం ముందుకు వచ్చాడు. "తప్పైపోయింది, రా" అన్నాడు. అచ్చం విశాలాక్షి కల్పించిన మాటే.

కాంతామణి అతని వైపు చూడలేదు. "ఏమంటన్నాడక్కా?" అని విశాలాక్షిని అడిగింది.

విశాలాక్షి లేచింది. "నేను మారను, నువ్వే సర్దుకోవాలంటన్నాడే" అంటూ గుమ్మం దాకా వెళ్లి షట్టరు దించేసింది, లోపల్నుంచి.

షాపంతా చీకటైంది. బయట అతను షట్టరు బాదుతున్నాడు. లోపల ఉన్న కాస్త వెలుతురూ నాదే. కాంతామణి నా దగ్గరగా జరిగి సూదిలో దారం ఎక్కించుకుంది.