గుమ్మం ముందు సీసా

మా ఎదురింటి గస్ పావ్లక్‌కి టీవీ వార్తలంటే ప్రాణం. దొంగతనం అని వినబడితే చాలు, కుర్చీలో నిటారుగా లేచి కూర్చుంటాడు. ఏటి నీళ్ళు పాడయ్యాయంటే మాత్రం "అంతా రాజకీయం" అని ఛానల్ మారుస్తాడు. పిల్లల ఆరోగ్యం మాటెత్తితే, "మా నాన్న ఈ కుళాయి నీళ్ళే తాగి ఎనభై ఏళ్ళు బతికాడు" అంటాడు. ఆ మహానుభావుడు తాగింది నీళ్ళు కాదు, బీరు. వీధివాళ్ళమంతా ఎరుగుదుం.

నా భయం టీవీలో లేదు, ఇంట్లోనే ఉంది. నా మనవరాలు జోసీ ఇంకా పాలు తాగే పిల్ల. పాలపొడి కలిపేది మా కుళాయి నీళ్ళతోనే. పాత గొట్టాల్లోంచి అందులోకి సీసం దిగుతోందేమోనని నా కూతురు కొరీన్‌కి అనుమానం. రుజువుంటేనే గొట్టాలు మారుస్తామన్నారు సిటీ ఆఫీసువాళ్ళు. వాళ్ళ చుట్టూ తిరిగి తిరిగి, చివరికి కొరీన్ మా వీధికి పరీక్ష తెప్పించింది. రాత్రంతా గొట్టంలో నిలిచిన నీళ్ళని పొద్దున్నే, ఇంకెవరూ కుళాయి తిప్పకముందే, వాళ్ళిచ్చిన సీసాలో పట్టి గుమ్మం ముందు పెట్టాలి. మనిషొచ్చి తీసుకుపోతాడు. అన్ని ఇళ్ళవాళ్ళమూ పెట్టాం.

మనిషొచ్చాడు. నెత్తిన టోపీ, భుజాన సంచి. గస్ తలుపు మీది కెమెరాకి అంతకంటే ఏం కావాలి? వీధివాళ్ళ గ్రూపులో ఫొటో పెట్టేశాడు: "గుమ్మాల్లో సామాన్లు ఎత్తుకుపోతున్నాడు, బయటికి రండి!" వచ్చారండీ మా శూరులు! ఒకడి చేతిలో బేస్‌బాల్ బ్యాటు, ఇంకొకడి చేతిలో కుక్క గొలుసు. ఆ మనిషి "నీళ్ళండీ బాబూ, నీళ్ళు!" అని మొత్తుకుంటుంటే విన్నదెవరు? సంచి అక్కడే పడేసి, బండెక్కి పారిపోయాడు. సీసాల మూతలూడి నీళ్ళన్నీ రోడ్డు పాలయ్యాయి.

గస్ ఆ సంచి పట్టుకుని ఫొటోకి నిలబడ్డాడు. వాళ్ళావిడ ఐరీన్ అందులోంచి ఒక సీసా తీసి, మీద రాసింది చదివింది.

"ఇది మనదే, గస్. పొద్దున్న నేనే పట్టి పెట్టాను."

"మరి నాకు చెప్పొద్దూ?"

"చెప్పాను. నువ్వు వార్తలు చూస్తున్నావు."

కొరీన్ సిటీ ఆఫీసుకి ఫోన్ చేసింది. "మా మనిషి మీదికి బ్యాటెత్తిన వీధికి ఇప్పట్లో ఎవర్నీ పంపం" అన్నారు. ఇన్నాళ్ళూ పిల్ల తాగిందేమిటో ఇక తేలేదెలా అని నా కూతురు వంటింట్లో కూలబడి ఏడ్చింది. నాకైతే ఆ బ్యాటు తీసుకుని ఎదురింటికి వెళ్ళాలనిపించింది.

కొన్నాళ్ళకి వార్తల్లో చెప్పారు: పరీక్షించిన ఇళ్ళన్నింట్లోనూ నీళ్ళు బాగున్నాయట. అందులో మా వీధి ఎక్కడేడిసింది! గస్ రోడ్డు దాటి పరిగెత్తుకొచ్చాడు.

"వెర్నా, విన్నావా? మన నీళ్ళకేం ఢోకా లేదు! ఊరికే పిల్ల పేరు చెప్పి మమ్మల్ని హడలగొట్టారు."

నేను లోపలికెళ్ళి, కుళాయి తిప్పి, గ్లాసు నింపి తెచ్చాను.

"అయితే తాగు."

గ్లాసు అందుకున్నాడు. నీళ్ళకేసి చూశాడు, నాకేసి చూశాడు. "ఇప్పుడే కాఫీ తాగొచ్చాను" అని మెట్టు మీద పెట్టేశాడు.

అవతల ఐరీన్ కారులోంచి కొన్న నీళ్ళ పెట్టెలు ఒకదాని మీదొకటి దింపుతోంది.

"అవెవరికి గస్? మీ నాన్నకా?" అన్నాను.

ఐరీన్ ఒక పెట్టె మోసుకుంటూ రోడ్డు దాటి వచ్చి, మా గుమ్మం ముందు దింపింది.

"పాపకి" అంది, మొగుడి వంక చూడకుండా.