పెట్రోలు ఎవరు తాగేసేరు

మా మావ జగన్నాధం కారు కొన్న ఏడాదే నేను చీపురుపల్లికి కాపరానికి వచ్చేను. అరవై ఎనిమిదో సంవత్సరం. విజయనగరంలో ఒక డాక్టరుగారు కొత్త బండి కొనుక్కుని తన పాత అంబాసిడర్ అమ్మేస్తుంటే మావ తెచ్చుకున్నారు. లేత నీలం రంగు. వెనక సీటు ఎంత మెత్తగా ఉండేదంటే, మా అత్త జగ్గమ్మ కూర్చుందంటే ఊరు దాటకుండానే కునుకు తీసేది. ఎండకి కాగిన ఆ సీటు వాసన లాంటిది ఇప్పటికీ ఎక్కడైనా తగిలితే నా అడుగు ముందుకి పడదు.

బండి నడపడానికి గజపతినగరం దగ్గర పల్లెటూరి నుంచి కొండబాబు వచ్చేడు. మావకి దూరపు వరసలో మేనల్లుడు. నన్ను 'అప్పా' అనేవాడు, మా వైపు అక్కని అలాగే పిలుస్తారు. కొత్త కోడలిని, ఇంట్లో ఎవరితోనూ పెద్దగా మాటల్లేవు. కారు కడుగుతూ కొండబాబు చెప్పే కబుర్లే నాకు కాలక్షేపం.

కారు ఒక్కటే గాని దాని మీద ఆశలు ఊరందరివీను. సంతకి వెళ్తే ధాన్యం బస్తాలు డిక్కీలో, పైన కేరియర్ మీద గోగునార కట్టలు. దారిలో ఎవరు చెయ్యి ఎత్తినా ఎక్కించుకోమనేవారు మావ. అత్త సంగతి వేరే. ఎవరింటి ముందైనా ఆపించి, "ఇంజను ఆపీకురా కొండబాబూ, మల్లీ ఆ హేండిలు తిప్పి స్టార్టు సెయ్యలేక సస్తావు, ఒక్క మాట సెప్పి వచ్చెత్తాను" అనేది. ఆ ఒక్క మాట అయ్యేసరికి ఇంజను గుడగుడలాడి బండి మొత్తం వేడెక్కిపోయేది.

అందువల్ల పెట్రోలు ఇట్టే అయిపోయేది. మొదట్లో మావ నవ్వేవారు. తరవాత డాక్టరుగారు మోసం చేసేడన్నారు. ఆ తరవాత ఎవరు చెవిలో వేసేరో గాని, ఆయన చూపు కొండబాబు మీద పడింది.

ఒక ఉదయం పశువుల సాల ముందు అందరం ఉండగానే అడిగేసేరు.

"ఒరే, నిజం సెప్పు. మొన్న నిండా పోయించిన పెట్రోలు ఏటయిపోనాది?"

"బండే తాగీసింది మావా."

"బండికి నోరుందేటి? గొట్టం ఎట్టి లాగీసి ఎవుడికైనా అమ్మేత్తన్నావేటి?"

కొండబాబు చేతిలో ఉన్న తడిగుడ్డ పిండి, తీగ మీద ఆరేసేడు. తాళాలు తెచ్చి అరుగు మీద పెట్టేడు. అప్పుడే నేను వాడి కోసం కంచంలో చల్దన్నం, ఉల్లిపాయ పెట్టి ఉంచేను. "తినేసి ఎల్లరా" అన్నాను. "వద్దప్పా" అని నా మొహం చూడకుండా బస్సు కోసం వెళ్ళిపోయేడు. మావ కూడా ఆ రోజు అన్నం సగంలోనే లేచేసేరు.

అక్కడి నుంచి బండి నా పెనిమిటి నరసింగరావు చేతికి వచ్చింది. ఆయనకి బండి నడపడమంటే పోటీకి వెళ్ళినట్టే. ఎగదొక్కి పరిగెత్తించడం, ముందు ఎడ్లబండి కనబడగానే బ్రేకు మీద నిలబడడం, మళ్ళీ ఎగదొక్కడం. పెట్రోలు మాత్రం మావ డబ్బాలో తెప్పించి ధాన్యం గదిలో దాచి, తాళంచెవి మొలతాడుకి కట్టుకున్నారు. తన చేత్తోనే పోసేవారు.

మా ఆడపడుచుకి నరసన్నపేటలో కొడుకు పుట్టేడు. బారసాలకి అందరం బయల్దేరేం. మావ స్వయంగా పెట్రోలు పోసి, "ఎల్లి రావడానికి కావలసినదానికన్నా ఎక్కువే ఉన్నాది" అన్నారు. డిక్కీలో బియ్యం, బెల్లం, కొబ్బరికాయలు. కేరియర్ మీద పిల్లాడి ఉయ్యాల, బాలింత కోసం అత్త నేయించిన నులకమంచం. మంచం అడ్డంగా నిలబెట్టి కట్టడం వల్ల గాలికి తెరచాపలాగ ఊగుతుండేది. ఎదురుగాలి. ఇంజను మూలుగుతుండేది. శ్రీకాకుళం దాటేం. వంశధార వంతెన ఇంకా రాకుండానే బండి రెండు దగ్గులు దగ్గి ఆగిపోయింది.

నరసింగరావు పుల్ల పెట్టి చూసేరు. ట్యాంకు పొడి.

మావ మొలతాడు పట్టుకుని చూసుకున్నారు. తాళంచెవి అక్కడే ఉంది.

"అయితే ఈసారి లాగింది నువ్వేనేటి?" అంది అత్త. నవ్వులాటకే అంది గాని, ఎవరికీ నవ్వు రాలేదు.

నరసింగరావు డబ్బా పట్టుకుని నరసన్నపేట బస్సు ఎక్కేరు. బండిని చెట్టు నీడకి తోద్దామని మావ పంచె ఎగ్గట్టేరు. పొలంలో కలుపు తీస్తున్న మనుషులు కొందరు సాయం వచ్చేరు. అందరూ ఒక్కసారి ఊపు ఇచ్చినా బండి కదల్లేదు. నాటిన రాయిలా ఉంది.

"సామాను దించండి" అన్నారు మావ. మంచం, ఉయ్యాల, బస్తాలు అన్నీ దించేం. కొంచెం కదిలింది, మళ్ళీ పట్టేసింది. మావ చుట్టూ తిరిగేరు. చక్రాల్లో గాలి సగానికి సగం లేదు, రోడ్డుకి అతుక్కుపోయినట్టు ఉన్నాయి. వెనక చక్రం మీద చెయ్యి వేసి చటుక్కున తీసేసేరు. కాలిపోతోంది. వంగి చూస్తే బ్రేకు వైరు బురద పట్టి, తుప్పు పట్టి బిగుసుకుపోయింది. బ్రేకు వదలడం లేదు. ఎన్నాళ్ళ నుంచో ఆ బండి కాళ్ళకి బంధం వేసుకునే పరిగెడుతోంది.

మావ బెల్లం బస్తా మీద కూలబడ్డారు.

"నా ఎడ్లకైతే ఇంత బరువు ఎయ్యనిత్తానా? ఇరుసుకి ఆవదం రాయకండా బండి కట్టనిత్తానా?" అన్నారు. "ఇది మూలిగినా నాను ఇనలేదు. ఆడ్ని దొంగన్నాను."

అత్త వెళ్ళి ఆయన పక్కన కూర్చుంది. "నానూ ఇంజను ఆపనిచ్చేదాన్ని కాదు కదా" అంది మెల్లగా.

పెట్రోలు వచ్చేక ఎలాగో ఈడ్చుకుంటూ నరసన్నపేట చేరేం. అక్కడ మేస్త్రీ బ్రేకు వదులు చేసి, గాలి కొట్టి, ఇంజనుకి గాలి అందే చోట దుమ్ముతో మూసుకుపోయిన జల్లెడ దులిపి ఇచ్చేడు. బారసాల భోజనాలు అవగానే మావ, "గజపతినగరం ఎల్దాం" అన్నారు. కేరియర్ విప్పించి వియ్యంకుడి పెరట్లోనే వదిలేసేరు.

కొండబాబు ఇంటి ముందు నూతి గట్టు మీద బట్టలు ఉతుక్కుంటున్నాడు. కారు చప్పుడుకి తలెత్తేడు గాని లేవలేదు. మావ దిగి వాడి ఎదురుగా నిలబడ్డారు.

"ఒరే, నువ్వు తియ్యలేదురా. బ్రేకు పట్టీసింది. మేవందరం కలిసి తాగేసేం ఆ పెట్రోలు. నోటికొచ్చింది అనీసేను, అల్లుడా."

కొండబాబు సబ్బు చేతులు కడుక్కున్నాడు. "బ్రేకు పట్టినట్టు నాకూ తెలీనేదు మావా. బరువుకే అలాగుందనుకున్నాను."

"ఇంటికి వచ్చీరా."

"రాను మావా. బస్సు డ్రైవరుగా కుదిరిపోనాను." గొంతులో కోపం లేదు, కాని ఆ మాట వెనక్కి తీసుకునేది కాదని మాకు తెలిసింది. మావ తల ఊపి, కళ్ళు తుడుచుకున్నారు.

కొండబాబు కారు చుట్టూ తిరిగి, టైరు తన్ని చూసేడు. "బావా, తాళాలు ఇలాగియ్యి" అని నరసింగరావుని పక్క సీట్లోకి జరిపేడు. బొండపల్లి వేపు పోనిచ్చేడు. "కోడిగుడ్డు మీద కాలెట్టినట్టు తొక్కు. ముందు బండి కనబడితే ముందే కాలు తీసీ, అదే నెమ్మదిస్తాది" అని చెప్తూనే ఉన్నాడు. పల్లం రాగానే పెడలు మీద నుంచి కాలు తీసేసేడు. చప్పుడు తగ్గిపోయింది. మామిడితోటల మీద గాలి, అత్త గాజుల చప్పుడు, మావ ఊపిరి మాత్రం వినబడుతున్నాయి. ఆ కారు అంత తేలిగ్గా పోగలదని మాలో ఎవరికీ తెలియదు.

తరవాత చాలా ఏళ్ళు ఉంది ఆ బండి మా ఇంట్లో. కొండబాబు బస్సు చీపురుపల్లి వచ్చినప్పుడల్లా అన్నం వేళకి మా ఇంటికే వచ్చేవాడు. వాడు తినేంతసేపూ మావ పక్కనే కూర్చుని, నేను గరిటె పట్టుకోబోతే లాక్కుని, తనే వడ్డించేవారు.